ఎక్కి చూడని కప్పు

ఈమధ్య ఒకమ్మాయి ఫోన్ చేసింది. పక్క జిల్లాలో మునిసిపాలిటీ ఇండోర్ స్టేడియానికి ఇన్‌చార్జిగా కొత్తగా చేరిందట. "మేడం, మీరు చాలా ఏళ్లు చేశారు కదా. ఈ ఉద్యోగంలో అసలు పనేంటండీ?" అని అడిగింది. బుకింగులు, కోచింగ్ క్యాంపులు, కరెంటు గొడవలు అని చెప్పబోయి ఆగిపోయాను. అవి చేరిన కొత్తలోనే ఎవరికైనా వచ్చేస్తాయి. "అనుమానపడటం" అన్నాను. ఆ అమ్మాయి నవ్వేసింది. నేను నవ్వులాటకి అనలేదు. ఫోన్లో చెప్పలేకపోయిన మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

మా పట్టణం పేరు రాయడం లేదు. నూజివీడు మామిడి పండే నేలలో ఉంది, అంతవరకు చాలు. మనుషుల పేర్లు కూడా మార్చాను. వాళ్లలో చాలామంది ఇంకా అవే కుర్చీల్లో ఉన్నారు.

అడిగేవాళ్లు, అడగనివాళ్లు

నేను మునిసిపల్ హైస్కూల్లో ఆటల టీచరుగా చేరాను. స్టేడియం కట్టాక తాళాలు ఎవరికివ్వాలో తెలియక నాకిచ్చారు. రిటైరయ్యేదాకా వాటిని వెనక్కి అడిగినవాళ్లు లేరు. పేరుకి అది ఆటల స్టేడియం. పొద్దున్నే షటిల్ ఆడే డాక్టర్లు, సాయంత్రం కబడ్డీ పిల్లలు. మధ్యలో పార్టీ మీటింగులు, చీరల ఎగ్జిబిషన్లు, సినిమా పాటల మ్యూజికల్ నైట్లు. అంత పెద్ద కప్పు ఊళ్లో ఇంకోటి లేదు కాబట్టి అందరి కన్నూ దాని మీదే ఉండేది.

నా మొదటి కమిషనర్ గారు పెద్దాయన, ముక్కోపి. కింద పనిచేసేవాళ్లని నిలబెట్టి తిట్టేవారు. ఆ పద్ధతి నాకెప్పుడూ నచ్చలేదు. కానీ ఆయన చెప్పిన ఒక మాట మాత్రం నాకు చివరిదాకా పనికొచ్చింది. "అమ్మా, హాలు అద్దెకడిగేవాడు నిన్ను ప్రశ్నలతో విసిగిస్తే సంతోషించు. వాడు నిజంగా పనిమీద వచ్చినవాడు. ఏదన్నా సరే సరే అనేవాణ్ణి కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, ఎందుకొచ్చాడో కనుక్కో" అన్నారు.

ఒకసారి విజయవాడ నుంచి ఒకాయన వచ్చి, పేరున్న గాయకుడితో మ్యూజికల్ నైట్ పెడుతున్నానన్నాడు. ఊరంతా పోస్టర్లు అంటించాడు. నిజమైన ట్రూపు వాళ్లు వస్తే నా ప్రాణం తోడేస్తారు. జనరేటర్ ఎక్కడ పెట్టాలి, స్టేజి ఎంత బరువు ఆపుతుంది, గాయకుడు కూర్చునే గదికి లోపల గడియ ఉందా, వేడినీళ్లు దొరుకుతాయా. ఈయన ఒక్కటీ అడగలేదు. హాలు గుమ్మంలో నిలబడి "అన్నీ బాగున్నాయి మేడం" అన్నాడు. లోపలికి కూడా రాలేదు. నాకు నిద్ర పట్టలేదు. తెలిసినవాళ్ల ద్వారా ఆ గాయకుడి ట్రూపులో కీబోర్డు వాయించే అబ్బాయిని పట్టుకుని అడిగితే, ఆ రోజు వాళ్లకి వేరే రాష్ట్రంలో కచేరీ ఉందన్నాడు. మేం పోలీసులకి చెప్పేలోగా ఆ విజయవాడ ఆయన ఫోన్ మూగబోయింది. కచేరీ లేదని గేటుకి బోర్డు కట్టించాను. టిక్కెట్లు కొన్న జనం వచ్చి నన్నే తిట్టారు. మోసం చేసినవాడు ఎదురుగా లేడు, నేనున్నాను. ఈ ఉద్యోగంలో తిట్లు ఎప్పుడూ దగ్గరున్నవాళ్లకే పడతాయి. దానికి అలవాటు పడండి.

రత్నం గారు అడగలేదు

ఎండాకాలం మాకు కోచింగ్ క్యాంపుల కాలం. ఊరికి మామిడి కాలం. బంగినపల్లి కోత మొదలైందంటే మా పట్టణంలో నీడ అన్నది ఖాళీగా ఉండదు. బడి వరండాలు, ఫంక్షన్ హాళ్లు, ఇళ్ల ముందు షెడ్లు, అన్నిట్లోనూ ట్రేలూ వరిగడ్డీ అట్టపెట్టెలే. ఆగిరిపల్లి నుంచీ చాట్రాయి నుంచీ ట్రాక్టర్ల మీద కాయ దిగుతుంది. ఆడవాళ్లు వరసగా కూర్చుని కాయ ఏరి పెట్టెలకెత్తుతారు. సాయంత్రానికి లారీలు హనుమాన్ జంక్షన్ దాటి హైవే ఎక్కాలి.

మా ఊళ్లో పెద్ద కమిషన్ వ్యాపారి రత్నం గారు. ఆయన బావమరిది కౌన్సిలర్. రత్నం గారు ప్రతి సీజనులోనూ నా దగ్గరికి వచ్చి, మధ్యాహ్నం పూట హాలు ఖాళీయే కదా, ప్యాకింగుకిమ్మని అడిగేవారు. నేను కుదరదనేదాన్ని. మామిడి సొన పడితే కబడ్డీ మ్యాట్లు పాడైపోతాయి. అదీకాక, ఒక్కసారి కాయ లోపలికి వచ్చిందంటే పిల్లలు బయటికి పోవడమే. ఆయన కోపగించుకోకుండా వెళ్లి, మళ్లీ ఏడాది మళ్లీ అడిగేవారు.

నా సర్వీసు చివరి ఎండాకాలంలో ఆయన అడగలేదు. కూరగాయల మార్కెట్లో ఎదురై, నా మోకాళ్ల నొప్పి ఎలా ఉందని పలకరించి, నవ్వి వెళ్లిపోయారు. ఇంటికొచ్చాక కూరలు సర్దుతుంటే నా మనసు అక్కడే ఉండిపోయింది. కావలసిన వస్తువుని మనిషి అడగడం మానేశాడంటే, అది దొరికే దారి ఇంకోటి చూసుకున్నాడన్నమాట.

ఆ దారేంటో నాగమణి చెప్పింది. నాగమణి మా అమ్మాయిల కబడ్డీ జట్టుకి కెప్టెన్. ఆగిరిపల్లి దగ్గర పల్లె వాళ్లది. తండ్రి తోటల్లో కాయ కోస్తాడు. తల్లి లక్ష్మి సీజనంతా రత్నం గారి దగ్గర ప్యాకింగుకి వెళుతుంది. ఆ ఏడు మా పిల్లల్లో ఇద్దరు ముగ్గురికి రాష్ట్ర జట్టులోకి వెళ్లే అవకాశం ఉంది. అందులో నాగమణి మొదటిది. రాష్ట్రానికి ఆడితే కాలేజీలో సీటు, ఆ తర్వాత పోలీసు ఉద్యోగం అని ఆ పిల్ల లెక్కలు ఆ పిల్లకున్నాయి.

ఒకరోజు ప్రాక్టీసయ్యాక చెప్పులేసుకుంటూ, "మేడం, ఈ ఏడు ప్యాకింగ్ ఇక్కడేనంట కదండీ. మా అమ్మ చెప్పింది. మరి మా క్యాంపు ఎక్కడండీ?" అని అడిగింది.

నాకెవరూ చెప్పలేదన్నాను. ఆ పిల్ల నా ముఖంలోకి చూసింది. నమ్మలేదని తెలుస్తూనే ఉంది.

ఇంజనీరు మాట

తర్వాతి సోమవారం కమిషనర్ గారు పిలిపించారు. ఈయన మొదటాయన కాదు. అప్పటికి చాలామంది మారారు. చెడ్డవాడు కాదు, ఎవరి దగ్గరా పైసా ముట్టుకునేవాడు కాదు. కానీ ఫోనంటే భయం. ఆఖర్న ఎవరు ఫోన్ చేస్తే వాళ్ల మాటే ఆయన మాట. మంచితనం ఉండి గట్టితనం లేని బాసు దగ్గర పనిచేయడం, దొంగ దగ్గర పనిచేయడం కన్నా కష్టం. దొంగకి ఏం కావాలో మనకి తెలుస్తుంది.

ఆయన గదిలో మునిసిపాలిటీ అసిస్టెంట్ ఇంజనీరు కిషోర్ ఉన్నాడు. మా అబ్బాయి వయసు ఉంటుంది. నెమ్మదస్తుడు, ఎదుటివాళ్లు మాట్లాడేదాకా మాట్లాడడు. స్టేడియం కప్పు బాగోలేదనీ, క్యాంపు ఆపి వెంటనే మూసేయాలనీ కమిషనర్ గారు చెప్పారు. ఎవరు చూశారని అడిగాను. కిషోర్ వైపు చేయి చూపించారు.

"మీరెప్పుడు చూశారండీ?" అన్నాను.

"పోయిన వారం ఎక్కి చూశాను మేడం. బోల్టులు వదులయ్యాయి."

"ఏ పక్క?"

అతను కాసేపు ఆలోచించాడు. "అన్ని పక్కలా" అన్నాడు.

అతను నా ముఖం చూసి చెప్పలేదు. టేబుల్ మీద అద్దాన్ని చూస్తూ చెప్పాడు. అప్పుడే నాకు మొత్తం అర్థమైపోయిందనుకున్నాను. రిపేరని చెప్పి పిల్లల్ని పంపేస్తారు, రిపేరు మొదలవ్వదు, ఆ సీజనంతా రత్నం గారి కాయ లోపల ఉంటుంది. సీజనయ్యాక చిన్న మెరుగులు దిద్ది తెరుస్తారు. అబద్ధం చెప్పించడానికి ఆ కుర్రాణ్ణి ఎంచుకున్నారు. బయటి ఊరివాడు, ఇక్కడ అండ లేదు, కౌన్సిలరు ఒక్క మాటంటే ఇంకో మూలకి బదిలీ అయిపోతాడు.

ఇంకో ఇంజనీరుతో చూపించకుండా నేను తాళం వేయనన్నాను. కమిషనర్ గారు ఫోన్ వైపు చూశారు, అది మోగలేదు. సరే, రెండు రోజుల్లో తేల్చమన్నారు.

పద్మజ వచ్చింది

పద్మజ, నేను కాలేజీ రోజుల్లో ఒకే హాస్టల్ గదిలో ఉన్నాం. ఆమె విజయవాడలో ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ చెబుతుంది. ఇనుప కట్టడాలు ఆమె సబ్జెక్టు. ఫోన్ చేసి, ఒకడి అబద్ధం బయటపెట్టాలి రమ్మన్నాను. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి వచ్చింది.

మా స్టేజి వెనక చిన్న గది ఉంది. అందులో ఇనుప నిచ్చెన. అది ఎక్కితే కప్పు కింద సన్నటి నడవ ఉంటుంది, ఒకప్పుడు పైన లైట్లు మార్చడానికి వేసింది. తర్వాత లైట్లు గోడలకి దింపేశారు. అప్పటినుంచి పైకి ఎవరికీ పని పడలేదు. ఆ గది తాళంచెవి నా గుత్తిలోనే ఉంది. పెట్టి తిప్పితే తిరగలేదు. కొబ్బరినూనె పోశాం, అయినా తిరగలేదు. తాళం లోపలంతా తుప్పు. చివరికి వాచ్‌మన్ చేత సుత్తితో పగలగొట్టించాను.

నాకు సంతోషమేసింది. కిషోర్ పోయిన వారం ఎక్కానన్నాడు. ఎక్కడానికి దారి ఇదొక్కటే. ఈ తాళం ఏళ్ల తరబడి తెరవలేదని చూసినవాళ్లెవరికైనా తెలుస్తుంది. పద్మజకి అదే చెప్పి, ఇక పైకి వెళ్లక్కర్లేదు, వాడు దొరికిపోయాడన్నాను.

"ఇంతదూరం వచ్చింది తాళం చూడ్డానికా?" అని పద్మజ చీర కొంగు దోపుకుని నిచ్చెన ఎక్కింది. తప్పక నేనూ ఎక్కాను.

పైన పావురాల రెట్ట అడుగు మందాన పేరుకుని ఉంది. రేకుల సందుల్లోంచి వాన నీళ్లు కారిన చారలు. పద్మజ టార్చి వేసి, రెండు ఇనుప బద్దీలు కలిసేచోట రెట్టని చేత్తో తుడిచింది. వాటిని కలిపే పట్టీ అంచు బిస్కెట్టులా విరిగి ఆమె అరచేతిలోకి వచ్చింది. ఆమె ముందుకి వెళ్లింది. ఇంకోచోట బోల్టు ఉండాల్సిన చిల్లు ఖాళీగా ఉంది. మరోచోట బోల్టు ఉంది, వేళ్లతో తిప్పితే తిరిగింది. కిందకి చూస్తే మా నీలం మ్యాట్లు చిన్నగా కనిపిస్తున్నాయి. పిల్లలు ఆ సాయంత్రం రావాలి.

దిగాక చేతులు కడుక్కుంటూ పద్మజ అంది. "ఇది గట్టి గాలికి ఆగదే. బాగోలేదని చెప్పిందెవరు?"

"ఎక్కనివాడు చెప్పాడు."

"అయితే ఎక్కకుండానే నిజం చెప్పాడు."

కొత్తగా ఈ ఉద్యోగానికి వచ్చే పిల్లలు ఇది బాగా పట్టుకోవాలి. అబద్ధమాడేవాడి నోటి నుంచి వచ్చిందంతా అబద్ధమే అవ్వాలని లేదు. మనిషిని అనుమానించడం తేలిక, అక్కడితో ఆగిపోతే వస్తువుని చూడం.

తాళం

నేను కమిషనర్ గారి దగ్గరికి వెళ్లి మూసేద్దామన్నాను. పద్మజ తను చూసింది చూసినట్టు చెప్పింది. అందరూ వెంటనే ఒప్పుకున్నారు. కౌన్సిలరు గారైతే నన్ను మెచ్చుకున్నారు కూడా. అంతమంది ఒకేసారి నాతో ఏకీభవించడం అంతకుముందు జరగలేదు.

ఆ సాయంత్రం పిల్లలకి చెప్పాను. క్యాంపు జూనియర్ కాలేజీ గ్రౌండులో, ఇసకలో చేస్తామన్నాను. నాగమణి, "మ్యాట్ మీద ఆడేవాళ్లనే సెలక్షన్లో తీసుకుంటారండీ" అంది. తర్వాత మెల్లగా, "రత్నం గారు మీకు కూడా చెప్పేశారా మేడం?" అని అడిగింది. పదహారేళ్ల పిల్ల. నేను దానికి కోపం తెచ్చుకోలేదు. దాని చోట నేనున్నా అదే అడిగేదాన్ని. కప్పు సంగతి చెప్పాను. విన్నది. నమ్మిందో లేదో తెలియదు.

రెండు రోజులు తిరగకుండానే వెనక గేటు దగ్గర లారీ ఆగింది. ట్రేలు, గడ్డి మోపులు, ఇరవై ముప్పై మంది కూలీ ఆడవాళ్లు. వాళ్లలో లక్ష్మి ఉంది. రత్నం గారు స్కూటీ మీద వచ్చారు. ఖాళీగా ఉన్న హాలు, సీజను అయ్యేదాకా వాడుకోమని కమిషనర్ గారు చెప్పారన్నారు.

కమిషనర్ గారికి ఫోన్ చేశాను. "మీరే కదమ్మా మూయమన్నారు? పిల్లలు లేరు కదా ఇప్పుడు" అన్నారాయన.

"పిల్లల మీద పడే కప్పు కూలీల మీద పడదాండీ?"

నాలుగు వారాలే కదా, సర్దుకోమన్నారు. కప్పు కింద మనుషుల్ని కూర్చోబెట్టమని రాసిమ్మన్నాను. మళ్లీ చేస్తానని ఫోన్ పెట్టేశారు, చేయలేదు.

రత్నం గారు నన్ను పక్కకి పిలిచారు. ఆయన మాట ఎప్పుడూ మెత్తనే. "అమ్మా, మనలో మాట. ఆ కప్పుకేం కాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. రిపేరన్నది మనం అనుకున్న మాటేగా. మీకేం కావాలో చెప్పండి" అన్నారు.

అప్పుడు తెలిసింది నాకు. ఆయన ఆ మాట తనే పుట్టించాడు కాబట్టి అది నిజమయ్యే వీలే లేదని నమ్ముతున్నాడు. పద్మజ మాట కూడా నేను నేర్పించిందే అనుకుంటున్నాడు. ఎంత చెప్పినా ఆయన చెవికి ఎక్కలేదు. తను చెప్పిన అబద్ధాన్ని ఇంకొకరు తిరిగి చెబితే ఎవరు మాత్రం నమ్ముతారు.

వెనక గేటుకి నా ఇంటి తాళం ఒకటి తెచ్చి అదనంగా వేశాను. కుర్చీ వేసుకుని గేటు ముందు కూర్చున్నాను. రోజూ పొద్దున వచ్చి కూర్చునేదాన్ని. రత్నం గారు లారీని తిప్పి పంపించలేదు. ఇవాళ కాకపోతే రేపైనా నేను లేస్తానని, గోడ పక్కన వేపచెట్టు నీడలోనే ప్యాకింగ్ మొదలుపెట్టించారు. ఎండకి కాయ వేడెక్కుతోందని ఆయన, నీడ చాలట్లేదని ఆడవాళ్లు నన్ను చూసి గొణుక్కునేవారు. లక్ష్మి ఒకసారి నేరుగానే అడిగింది. "మా పిల్లని బయటికి పంపారు, మమ్మల్ని లోపలికి రానివ్వట్లేదు. ఆ హాలు ఎవరి కోసం దాస్తున్నారండీ?"

నేను కప్పు గురించి చెప్పాను. ఆమె కప్పు వైపు చూసింది. బయటినుంచి చూస్తే ఆకుపచ్చ రంగు రేకులు కొత్తవాటిలా మెరుస్తున్నాయి.

గాలివాన

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం పడమర నల్లబడింది. మా ప్రాంతంలో ఎండాకాలపు గాలి ఎప్పుడొస్తుందో తోటలవాళ్లకి ముందే తెలుస్తుంది, అందరూ ఆకాశం వైపు చూసి మాటలు ఆపేశారు. ముందు దుమ్ము లేచింది. గడ్డి మోపులు విడిపోయి రోడ్డంతా ఎగిరాయి. వేపకొమ్మ ఒకటి విరిగి లారీ మీద పడింది. ఆడవాళ్లు కేకలేస్తూ తలదాచుకోవడానికి హాలు గేటు వైపు పరుగెత్తారు. తాళం చూసి నన్ను తియ్యమన్నారు. లక్ష్మి నా చేతిలో గుత్తి పట్టుకుని లాగింది.

నేను తీయలేదు. తాళం గుత్తి జాకెట్లో దోపుకుని, ఎదురుగా ఉన్న ట్రావెల్స్ ఆఫీసు వరండాలోకి పరుగెత్తమని అరిచాను. రత్నం గారే ముందు అటు పరుగెత్తారు, మిగతావాళ్లు ఆయన వెనక వెళ్లారు. ఆ క్షణంలో నాకు నిజంగా భయమేసింది. కప్పు పడుతుందని కాదు. పడకపోతే ఈ ఆడవాళ్లని వానలో, కొమ్మల కింద ఎందుకు నిలబెట్టానో ఎవరికి ఏం చెప్పాలి అని.

తర్వాత విన్న శబ్దం లారీ బోల్తా పడినట్టుంది. ముందు రేకులు లేచాయి. లోపలి ఇనుప కట్టు మధ్యలో కుంగి, ఒక పక్కకి వాలి, గోడ పైభాగాన్ని కూడా లాక్కుంటూ కింద పడింది. పాత దుమ్ము, పావురాల ఈకలు గేటు ఊచల్లోంచి బయటికొచ్చాయి.

వరండాలో లక్ష్మి నా పక్కన నిలబడి, కూలిన చోటుని చూస్తూ, "నాగమణి ఎక్కడుందండీ?" అని అడిగింది. పిల్లలు కాలేజీ గ్రౌండులో ఉన్నారనీ, గాలి రాగానే కాలేజీ గదుల్లోకి వెళ్లి ఉంటారనీ చెప్పాను. ఆమె వానలోనే అటు పరుగెత్తింది.

నన్ను ఊరంతా పొగిడిందని అనుకుంటే పొరపాటు. ఆ సాయంత్రం మా ఊళ్లో స్టేడియం గురించి మాట్లాడినవాళ్లే లేరు. గాలికి తోటల్లో కాయంతా రాలిపోయింది. ఎవరి తోట దగ్గర చూసినా మనుషులు బుట్టలతో కాయ ఏరుతున్నారు. పచ్చడికి కూడా పనికిరాని పగిలిన కాయ రోడ్ల పక్కన కుప్పలు పడింది. కౌలుకి తోటలు తీసుకున్నవాళ్ల ఇళ్లల్లో ఏడుపులు. వాళ్ల ముందు మా కప్పు ఏపాటిది.

మెప్పు

ఎంక్వైరీ వేశారు. జిల్లా నుంచి వచ్చిన అధికారి నన్ను రెండుసార్లు కూర్చోబెట్టి అడిగారు. నిచ్చెన గది తాళం ఎందుకు పగలగొట్టారు, బయటి మనిషిని ఎందుకు ఎక్కించారు, వెనక గేటుకి సొంత తాళం ఎందుకు వేశారు. రత్నం గారికి హాలు దక్కకూడదని నేనే బోల్టులు తీయించానని ఊళ్లో మాట పుట్టింది. పుట్టించింది ఎవరో నేను ఊహించగలను, కానీ ఊహని ఇక్కడ రాయను. నా ఉద్యోగమంతా ఇతరుల్ని అనుమానించిన నేను, ఆ అధికారి ఎదురుగా కూర్చుని, ఆయన నా ముఖంలో ఏం వెతుకుతున్నాడో గుర్తుపట్టగలిగాను. నేనైనా అలాగే వెతికేదాన్ని. పద్మజ వచ్చి చెప్పాక, విరిగిన ఇనుము చూశాక, తుప్పు ఏళ్లనాటిదని తేల్చి వదిలేశారు.

ఎంక్వైరీలో మెప్పు వచ్చింది కిషోర్‌కి. ప్రమాదాన్ని ముందే పసిగట్టి హెచ్చరించిన ఇంజనీరని స్వాతంత్ర్య దినోత్సవం నాడు శాలువా కప్పారు. నేను చప్పట్లు కొట్టాను. అతను శాలువాతో నా ముందునుంచే వెళ్లాడు, తలెత్తలేదు. నాగమణి ఆ ఏడు రాష్ట్ర జట్టుకి ఎంపిక కాలేదు. ఇసకలో ఆడి మ్యాట్ మీద కాళ్లు నిలవలేదు. మరుసటేడు ఎంపికైంది, కానీ ఆ ఏడు పోయింది పోయినట్టే. దానికి ఎవర్నీ ఎంక్వైరీ చేయలేదు.

శాలువా కప్పిన ఆ ఆగస్టు నెలాఖరునే నేను రిటైరయ్యాను. కొద్ది రోజులకే ఒకరోజు పదకొండు దాటాక కిషోర్ మా ఇంటికొచ్చాడు. టీ ఇచ్చాను, తాగలేదు.

"నేను ఎక్కలేదు మేడం. వాళ్లు చెప్పమంటే చెప్పాను" అన్నాడు.

"తెలుసు. తాళం పగలగొట్టించింది నేనే."

"అది కాదండీ." టీ గ్లాసు కింద పెట్టాడు. "అంతకుముందు ప్రతి ఏడూ కప్పు బాగుందని చెప్పింది కూడా నేనే. అప్పుడూ ఎక్కలేదు."

మ్యూజికల్ నైట్లకి నిండిపోయిన ఆ హాలు నా కళ్లముందు కదిలింది. తిట్టాలనిపించింది. కానీ తిట్టించుకుంటే అతనికి తేలికైపోతుంది, లేచి వెళ్లిపోతాడు. అందుకే వేరే ప్రశ్న అడిగాను. అన్నాళ్లూ మీరు అన్న మనిషిని మొదటిసారి నువ్వు అన్నాను.

"కిషోర్, నువ్వు ఎక్కకుండా బాగుందన్నవి ఇంకా ఏమేం ఉన్నాయి?"

అతను నేల చూస్తూ మొదలుపెట్టాడు. రైతు బజారు షెడ్డు. బస్టాండు దగ్గర నీళ్ల ట్యాంకు. మెయిన్ రోడ్డు మునిసిపల్ స్కూల్లో పిల్లలు అన్నాలు తినే రేకుల షెడ్డు. అక్కడ ఆపాను. గోడ మీద గడియారం చూశాను. ఇంకాసేపట్లో అన్నాల బెల్లు కొడతారు.

చెప్పులేసుకుని, పద అన్నాను. నాకిప్పుడు ఏ హోదా లేదని నాకు గుర్తే. అతని బండి వెనక కూర్చుని వెళ్లాం. హెడ్‌మిస్ట్రెస్ నా పాత స్నేహితురాలే. పిల్లల్ని ఆ పూట తరగతుల్లోనే కూర్చోబెట్టి వడ్డించమన్నాను. ఎందుకని ఆమె ఒక్కసారి అడిగింది. తర్వాత చెబుతానంటే ఊరుకుంది. ఎలక్ట్రీషియన్ దగ్గర నిచ్చెన తెప్పించాం. కిషోర్ ఎక్కాడు, నేను కింద పట్టుకున్నాను. చాలాసేపు పైన అటూ ఇటూ తడిమి చూశాడు. చొక్కా అంతా బూజయింది.

"ఇది బాగానే ఉంది మేడం" అన్నాడు పైనుంచి.

దిగమన్నాను. నిచ్చెన అతన్ని పట్టుకోమని, నేను ఎక్కాను.